ముందు ప్లగ్గు బోర్డు

ఆ చర్చికి నేను ప్రార్థనకు వెళ్లలేదు, బేరానికి వెళ్లాను.

గోదావరిఖనిలో ఆ చర్చి వెనక రెండు గదుల్లో ఒక సహాయ కేంద్రం నడుస్తుంది. ఊపిరితిత్తులు చెడిన పాత గని కార్మికులకు ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ మిషన్లు, చక్రాల కుర్చీలు, మంచాలు ఉచితంగా ఇస్తారు. అవసరం తీరాక తిరిగి తెచ్చుకుంటారు. దాన్ని నడిపేది ఒక రిటైర్డ్ నర్సు, అందరికీ అక్క. ఒకసారి మా కిరాణా దుకాణానికి చక్కెర కోసం వచ్చి, నేను ఒక పరుపుల వ్యాపారిని ఫోన్లో పీడించడం విన్నది. "మాకు గూడ పరుపులు కావాలె తమ్మీ, గిట్లనే సతాయించి ఇప్పిస్తవా?" అంది. దాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను. అప్పటి నుంచి అక్కడి కొనుగోళ్లన్నీ నా నెత్తిమీదే.

అక్క పద్ధతి ఒకటి నాకు మింగుడుపడేది కాదు. ఎవరైనా మిషన్ అడిగితే, మా దగ్గర ఉందో లేదో చూడదు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పంపి ఆ ఇంట్లో మంచం పక్కన కొత్త ప్లగ్గు బోర్డు పెట్టిస్తుంది. "దేవుడు పంపినంక పెట్టేటందుకు జాగ లేదంటే మంచిగుంటదా?" అంటుంది. సరుకు లేకుండా షట్టర్ ఎత్తేవాళ్లను చూసి నవ్వుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. అక్కను చూసి కూడా నవ్వుకునేవాణ్ణి, ఆమె అటు తిరిగాక.

మొన్న వేసవిలో ఒకరోజు పొద్దున ఫోన్ వచ్చింది. ఒక రిటైర్డ్ కార్మికుణ్ణి కరీంనగర్ దవాఖాన నుంచి ఇంటికి పంపిస్తున్నారు. ఆక్సిజన్ లేకుండా ఆయన ఉండలేడు. వెంట ఇచ్చిన చిన్న సిలిండర్ సాయంత్రం నాలుగు దాకా వస్తుందట. మా మిషన్లు రెండూ అప్పటికే వేరే ఇళ్లలో ఉన్నాయి. మంచిర్యాలలో అడిగాను, పెద్దపల్లిలో అడిగాను. అద్దెకైనా రేపే అన్నారు. నేనిటు ఫోన్లు తిప్పుతుండగానే, అటు అక్క ఎలక్ట్రీషియన్‌ను పంపేసింది.

మా రెండు మిషన్లలో ఒకటి మాత్రం పనిలేకుండా ఉంది. ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో దాన్ని వాడిన మనిషి చనిపోయి అది తొమ్మిదో రోజు. రెండు గంటలకు ఆ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య గడప దగ్గర కూర్చుని ఉంది. లోపల ఫొటో పక్కన మిషన్, దానిమీద ఒక పాత చీర కప్పి ఉంది.

"పదకొండు దినాలు కానియ్యి బిడ్డ," అంది. "ఆయన వాడిన వస్తువ వేరేటోల్లింటికి పోవద్దు. సేటు కొడుకువు, గింత ఎరుక లేదా?"

"ఎరుకే అవ్వ. గానీ మిషన్ మీది గాదు, చర్చోల్లది. దానికి మైలెట్ల అంటుతది?"

"మిషన్ చర్చోల్లదే. అండ్ల ఊపిరి పీల్చింది మా ఆయన."

మా నాన్న నేర్పిన ఆఖరి ఎత్తు తీశాను. సరే మీ ఇష్టం అని లేచి, నెమ్మదిగా చెప్పులు వేసుకున్నాను. మా బజార్లో వెళ్లిపోయే మనిషిని రెండో మెట్టు దాటనివ్వరు, వెనక్కి పిలుస్తారు. నేను చెప్పుల పట్టీ ఒకసారి విప్పి మళ్లీ పెట్టుకున్నాను.

"ఏంది, తెగిందా?" అందామె.

చెప్పులు విడిచి వచ్చి కింద కూర్చున్నాను. "నాలుగింటికి ఆ పేషెంటు కాక సిలిండర్ అయిపోతది అవ్వ. ఇంక నా తాన మాటలు లెవ్వు."

ఆమె తల తిప్పి లోపలి మిషన్‌ను చూసింది. తర్వాత, "ముల్లు ఏడికొచ్చింది?" అని అడిగింది.

సిలిండర్ మీది ముల్లు సంగతి అడగాలని నాకు తోచనేలేదు. ఫోన్ చేసి కనుక్కున్నాను. ఎర్ర గీతకు దగ్గర్లో ఉందన్నారు. ఆమె లేచి, చీర తీసి మడత పెట్టింది. "నేనొస్త. నేను లేకుంట అది గడప దాటది."

మైలలో ఉన్న మనిషి ఇంకొకరి ఇంట్లో అడుగుపెట్టడం మిషన్ ఇవ్వడం కంటే పెద్ద తప్పు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆటోలో నా దుకాణం బుద్ధి మేలుకుంది. మిషన్ మీద అంటించిన టేపు మీద చనిపోయినాయన పేరుంది. తాళంచెవితో గీకడం మొదలుపెట్టాను. "అక్కడ కొత్త మిషన్ అని చెప్త అవ్వ. నువ్వు చర్చి మనిషివనుకుంటరు. ఏం మాట్లాడకు."

"గీకు, గీకు," అంది బయటికి చూస్తూ. "పేరే గద."

మేం చేరేసరికి ముల్లు ఎర్ర గీత మీద ఉంది. కాక మంచంలో కూర్చుని, ప్రతి ఊపిరికీ భుజాలు పైకి లాక్కుంటున్నాడు. ఆయన వెనక గోడకు కొత్త ప్లగ్గు బోర్డు; దాని కింద రాలిన సున్నం ఇంకా ఊడ్వలేదు. తీగ గుచ్చి, వెంట తెచ్చిన కొత్త గొట్టం తగిలించాను.

"కొత్తదేనా?" అడిగింది కాక భార్య.

"కొత్తదే చిన్నమ్మా."

మిషన్ ఒక నిమిషం నడిచి, కీచుమని అరుస్తూ ఆగిపోయింది. కనబడిన బటన్లన్నీ నొక్కాను. దాని ధర ఏ ఊళ్లో ఎంతో నాకు నోటికొచ్చు. దాన్ని నడపడం రాదు. అవ్వ నన్ను పక్కకు తోసి, నేలమీద కూర్చుని, పక్కనున్న జాలీ ఊడదీసి, పట్టిన దుమ్మంతా అరచేతిలో దులిపి మళ్లీ బిగించింది. ఈసారి మిషన్ నిలకడగా నడిచింది.

"నీకెట్ల ఎరుక అక్క?" అని చిన్నమ్మ అవ్వను అడిగింది.

అవ్వ నా వైపు చూసింది. నేను ప్లగ్గు బోర్డు వైపు చూశాను.

"ఎనిమిది నెలలు నేనే చూసుకున్న. మా ఆయనకు పెట్టింది ఇదే. ఇయ్యాల తొమ్మిదో దినం."

గొట్టం పట్టుకున్న చిన్నమ్మ చెయ్యి భర్త ముక్కుదాకా వచ్చి వెనక్కి పోయింది. "సచ్చిపోయినాయనది తెచ్చి కొత్తదంటవా సేటూ? పప్పులల్ల రాళ్లు కలిపినట్టేనా గిది గూడ?"

ముల్లు ఎర్ర గీత కిందికి దిగింది. కాక చెయ్యెత్తాడు.

"ఏ బాయి?" అన్నాడు అవ్వతో, ఆమె భర్త చేసింది ఏ గనిలో అని.

"రెండో నంబరు."

ఊపిరి కూడదీసుకున్నాడు. "షిఫ్టు దిగినోడు... లైటు... లాంప్ రూంల పెడ్తడు." మళ్లీ ఆగాడు. "ఎనుకొచ్చే షిఫ్టోడు... గదే పట్కొని... దిగుతడు. ఎవనిదని... ఎవడన్న అడిగిండా?" భార్య ముందు చెయ్యి చాచాడు. "తే."

ఆమె ఇంకా అవ్వనే చూస్తోంది. "ఎనిమిది నెలలా?"

"డాక్టరు ఒక్క నెలే బతుకుతడన్నడు."

చిన్నమ్మ గొట్టం తెచ్చి ఆయన ముక్కుకు పెట్టింది. కాక వేలికి తగిలించిన, ఒంట్లో ఆక్సిజన్ ఎంతో చూపే చిన్న మిషన్లో ఎనభై రెండు ఉంది. చాలాసేపు ఆ అంకె కదల్లేదు. ఎనభై ఐదైంది. తొంభై దాటాక ఆయన భుజాలు కిందికి దిగాయి. అప్పుడు గాని నేను కూర్చోలేదు.

చిన్నమ్మ చాయ్ తెచ్చేసరికి అవ్వ బయట అరుగు చివర కూర్చుని ఉంది. "దినాలు కానియ్యి, అప్పుడు తాగుత," అంది. చిన్నమ్మ గ్లాసు పక్కన పెట్టి తనూ అక్కడే కూర్చుంది.

అక్క ఫోన్ చేసింది. మిషన్ దొరికిందా అని అడుగుతుందని, జరిగినదాన్ని నాకు అనుకూలంగా ఎలా చెప్పాలో అప్పటికే సర్దుకుంటున్నాను. ఆమె అది అడగలేదు.

"తమ్మీ, ప్లగ్గు వదులుగ లేదు గద?"

లోపలికి వెళ్లి పట్టి చూసి చెప్పాను. "గట్టిగనే ఉన్నదక్క."