అమ్మ నేర్పిన నడక

ఎదురింటామె తనకు పెన్షన్ వచ్చిన రోజు మా వఠారంలో అందరికీ మైసూరుపాక్ పంచింది. నా చేతిలో రెండు ముక్కలు పెట్టింది. తింటున్నంతసేపూ కడుపు మండింది. ఒకే వఠారంలో, ఒకే ఏడు వచ్చిన పోలియో జ్వరం ఆమె కుడికాలు తీసుకుంది, నా ఎడమకాలు తీసుకుంది. నాదే ఇంకా సన్నం. అయినా వికలాంగుల పెన్షన్ ఆమెకిచ్చి నా అర్జీ కొట్టేశారు. నలభై శాతం వైకల్యం ఉండాలట, నాకు ముప్పై అయిదేనట! పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు పొరుగింటి కుంటికాలు కూడా రుచిగానే కనబడింది.

నిజం చెప్పాలంటే ఈ కుళ్ళు పెన్షన్‌తో మొదలైంది కాదు. చిన్నప్పుడు అమ్మ నన్ను వఠారం నడవాలో అటూ ఇటూ నడిపించేది. "తొడ మీద చెయ్యి పెట్టొద్దే. నిటారుగా నడువు. నువ్వు కుంటేది ఎవరన్నా చూస్తే సంబంధం వస్తాదా?" అనేది. మోకాలు మడతపడకుండా తొడను చేత్తో నొక్కి పట్టుకుంటేనే నాకు హాయి. ఆ చేతి మీదే బరికెతో కొట్టేది. అడుగు ఎత్తుగా ఉండే చెప్పు కుట్టించింది, కుచ్చిళ్ళు నేలను తాకేలా చీర కట్టడం నేర్పింది. ఎదురింటామె వాళ్ళమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆమె తొడ మీద చెయ్యి వేసుకుని ఈ కన్నడ ఊళ్ళో మా బళేపేట సందులన్నీ తిరిగేది. పెళ్ళిచూపుల్లో కాఫీ కూడా అలాగే, ఒంటిచేత్తో తెచ్చి ఇచ్చింది. వచ్చినవాడు చూశాడు, చేసుకున్నాడు! నన్ను చూడవచ్చినవాళ్ళంతా మెచ్చుకుని వెళ్ళి, ఎవరో చెవిన వేయగానే "దాచిపెట్టారు" అని మాట మార్చేశారు.

పెళ్ళి లేకపోతే లేదు, పీడా పోయింది. గాజుల అంగడిలో పనిచేసి బతికాను. ఇప్పుడు నిలబడలేక మానేసి తమ్ముడింట్లో ఉంటున్నాను. మరదలు మంచిదే. కానీ ఆటోకు డబ్బులు కావాలన్నా, తలనొప్పి మాత్రకు కావాలన్నా ఆమె ముందు నిలబడాలి. "ఎందుకు వదినా?" అంటుంది. ఆ "ఎందుకు" వినకుండా బతకాలని నా కోరిక. పెన్షన్ అడిగింది అందుకే.

మరి శాతం తేల్చే డాక్టరు పరీక్ష రోజు నేనేం చేశానో తెలుసా? నలుగురిలోకి పోతున్నామని పట్టుచీర కట్టాను, ఎత్తుచెప్పు వేసుకున్నాను. చీర ఎత్తమంటే పిక్క దాకా ఎత్తి దించేశాను. పడిపోతుంటారా అని అడిగితే, అబ్బే, లేదన్నాను. బయట జనం తోసుకుంటున్నారు. డాక్టరు "నడీరమ్మా" అన్నాడు. అమ్మ నేర్పినట్టు నడిచాను. చాలా బాగా నడుస్తున్నారే అని ఆయన కన్నడంలో మెచ్చుకున్నాడు. నేను, దద్దమ్మను, పొంగిపోయాను!

పైబోర్డుకు అప్పీలు పెట్టుకోవచ్చని చెప్పింది కూడా ఎదురింటామే. పిలుపు రాగానే సంచీ పట్టుకుని తయారైంది. "ఒక్కదానివే ఏమి పోతావక్కా? నేనూ వస్తా." నాకు ససేమిరా ఇష్టం లేదు. కానీ దారి తెలిసింది ఆమెకే. పెన్షన్ తెచ్చుకున్న మారాణి కదా, పెద్దరికం చెయ్యనీ అని పళ్ళు కొరుక్కుంటూ ఆటో ఎక్కాను.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. నడవమన్నారు. ఈసారి ఉన్నదున్నట్టు కుంటాలనే అనుకుని వచ్చాను. తీరా ముగ్గురూ నా వైపు చూసేసరికి వెన్ను దానంతటదే నిటారైంది, చెయ్యి కొంగులో దూరింది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకేముంది, మళ్ళీ అదే అనుకున్నాను.

"అక్కా!" తలుపు దగ్గర నిలబడ్డ ఎదురింటామె కేకేసింది. "మీయమ్మ లేదు ఇక్కడ. ఎవరికి దాచేది? చెప్పు ఇప్పి, తొడ మీద చెయ్యి పెట్టు!"

నా ఒళ్ళు భగ్గుమంది. ఇంతమంది ముందు! ఆ కోపంలోనే చెప్పు విప్పి అవతలికి విసిరాను. చీర మోకాలి పైకి లాగాను. తొడ మీద చెయ్యి వేసి, కాలు ఈడ్చుకుంటూ గోడ దాకా పోయి వచ్చాను. ఏడుపు ఆగలేదు. డాక్టరమ్మ లేచి వచ్చి కాలు పట్టుకుని చూసింది, కొలిచింది. దీనికి ముప్పై అయిదు ఎలా వేశారని పక్కాయన్ని అడిగింది. నలభై దాటుతుందని, పెన్షన్‌కు ఇబ్బంది ఉండదని నాకు అక్కడే చెప్పారు.

బయటికి వచ్చేటప్పుడు చెప్పు తొడుక్కున్నాను గానీ చెయ్యి తొడ మీదే ఉండిపోయింది. ఆటోల దగ్గరికి ఆమె పక్కనే నడిచాను. ఎప్పుడూ ఆమెకంటే వెనకబడేదాన్ని, ఈసారి పడలేదు. నడుము లాగలేదు, ఆయాసం రాలేదు.

"చూస్తివా, ఎంత సుళువుగా ఉండాదో!" అంది.

పెన్షన్ వస్తుందన్న సంతోషం ఎటు పోయిందో పోయింది. బతుకంతా ఇంత సుఖంగా నడిచిందా ఈమె!