లేబుల్ బాబాయి

మా బాబాయి ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు, ఏసీని పలకరిస్తాడు. దాని లేబుల్ చదివి, బ్రేకర్ల డబ్బా మూత తీసి చూసి, అప్పుడు "బాగున్నారా?" అంటాడు. కరెంటు పనిలోనే జుట్టు నెరిసిన మనిషి. మా వాళ్ళంతా ఆయన్ని లేబుల్ బాబాయి అంటారు.

"లేబుల్ మీద రెండు అంకెలుంటాయిరా. వైరు కనీసం ఎంత కరెంటు మొయ్యాలో ఒకటి, బ్రేకరు ఎంతకి మించకూడదో ఇంకోటి. పాత మెషీను తీసి కొత్తది పెట్టేటప్పుడు ఎవడూ చూసి చావడు" అనేవాడు.

ఒకసారి పళ్ళ డాక్టరు ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. "నొప్పెక్కడ?" అంటే గోడమీది ఏసీవైపు వేలు చూపించాడు.

"అక్కడ కాదండీ, నోట్లో."

"నోటి సంగతి తర్వాత. ఆ కొత్త మెషీనుకి పాత వైరే ఉంచారు కదూ?"

వైరు మారుస్తామని మాటిచ్చేదాకా పన్ను పీకనివ్వలేదు. "పక్క పన్ను కూడా పీకకుండా వదిలాడు, మంచి డాక్టరు" అంది పిన్ని.

తప్పు కనిపిస్తే నలుగురి ముందే అనేస్తాడు. మా భయమంతా అదే.

మా బావ చాలాకాలం ఉద్యోగం లేకుండా ఉన్నాడు. కొత్త ఉద్యోగం దొరికాక కొన్న మొదటి వస్తువు పెద్ద ఏసీ. అది చూపించడానికి వాళ్ళమ్మనీ మమ్మల్నీ భోజనానికి పిలిచాడు. అక్క పిన్నికి ఫోన్ చేసింది.

"బాబాయిని ఏమీ అనొద్దని చెప్పు పిన్నీ. మా ఆయన ఇన్నాళ్ళకి తలెత్తుకు తిరుగుతున్నారు."

"చెబుతానే. వింటారని మాత్రం చెప్పలేను."

బాబాయి రాగానే లేబుల్ చదివాడు. డబ్బా మూత తీశాడు. వైరు వెళ్ళేచోట గోడ వేడెక్కిందేమోనని అరచెయ్యి ఆనించాడు.

"అస్తమానూ ట్రిప్ అయి ఆగిపోతోందని బిగించినతను పెద్ద బ్రేకరు వేశాడు మావయ్యగారూ. ఇప్పుడు హాయిగా నడుస్తోంది" అన్నాడు బావ.

ఆ వైరు ఆ ఇంట్లో అంతకుముందున్న చిన్న ఏసీకి వేసిన సన్నది. అది కాలిపోతున్నా పెద్ద బ్రేకరు ట్రిప్ అవదని బాబాయి మాకు ఎప్పుడో నూరిపోశాడు.

బాబాయి బావ మొహం చూశాడు. వాళ్ళమ్మ మొహం చూశాడు. గట్టిగా తుమ్మాడు.

"మంచి మెషీను అల్లుడూ. నాకే జలుబు, చల్లగాలి పడదు" అంటూ తనే బ్రేకరు దించేశాడు.

అందరం చెమటలు కక్కుతూ భోంచేశాం. జలుబుతో ప్రయాణమెందుకని ఆయన ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాడు. ఉన్నంతసేపూ ఏసీ వెయ్యనివ్వలేదు. మర్నాడు బావ ఆఫీసుకెళ్ళగానే లావు వైరు తెచ్చి లాగాడు. లేబుల్ ఒప్పుకున్న బ్రేకరు బిగించాడు. బావ వాళ్ళమ్మ వచ్చి స్టూలు పట్టుకుంది.

"మావాడికి తెలియనివ్వకండి అన్నయ్యగారూ. చిన్నబుచ్చుకుంటాడు."

"ఏం తెలుస్తుంది చెల్లెమ్మగారూ? నేను జలుబు తగ్గించుకుంటున్నాను."

తర్వాత ఓ పెళ్ళిలో బంధువులందరి మధ్యా బావ ఛాతీ విరుచుకుని, "మావయ్యగారు వంక పెట్టలేకపోయిన ఏసీ మా ఇంట్లోదొక్కటే" అన్నాడు. అందరూ బాబాయివైపు తిరిగారు.

"నిజమే" అన్నాడు బాబాయి. "బిగించినవాడు పనిమంతుడు."