పదకొండు ఒకట్లు

బేతంచెర్లకు బదిలీ మీద వచ్చాక నాతో మాట్లాడే మనిషి ఒక్కడే దొరికాడు, ఇంటి ఓనరు. కింద ఆయన నాపరాళ్ల దుకాణం, పైన నా గది. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పెళ్లి చేసుకోలేదు. స్టాఫ్‌రూములో నన్ను చూస్తే కబుర్లు ఆగిపోతాయి. ఎవరేం మాట్లాడినా తప్పులు దిద్దే జబ్బు నాది.

ఒక సాయంత్రం కరెంటు పోయి దుకాణంలోకి దిగాను. మాటలు తోచక ఒక రాతి మీద సుద్దతో ఒకట్లు రాశాను. మూడు ఒకట్లను, అంటే నూట పదకొండును, మూడు భాగిస్తుంది. అయిదు ఒకట్లను నలభై ఒకటి భాగిస్తుంది. ఏడు ఒకట్లకు మాత్రం రెండువందల ముప్పై తొమ్మిది దాకా వెతకాలి. జీవితమంతా రాళ్లు కోయించిన మనిషి కదా, ముందుకు వంగి చూశాడు.

"పదకొండు ఒకట్లు పెడితే సార్?"

"పగులుతుంది భాయ్. దేనితో భాగిస్తే పగులుతుందో ఎప్పుడో చదివాను, మరచిపోయాను."

"అయితే పగలగొట్టండి, చూద్దాం."

మర్నాటి నుంచి దుకాణం కట్టేసి మెట్లెక్కి వచ్చేవాడు. "ఏం సార్, పగిలిందా?" అనేవాడు. లేదనేవాణ్ణి. కూర్చుని టీ తాగుతూ మోకాళ్ల నొప్పి గురించీ, కర్నూలులో కాపురమున్న కూతురి గురించీ చెప్పేవాడు. ఫోన్లో కొడితే జవాబు క్షణంలో వస్తుంది. కాగితం మీదైనా దగ్గరి దారి ఉంది: ఇరవై రెండో ఎక్కంలోని సంఖ్యలకు ఒకటి కలిపి, వాటితో మాత్రమే భాగిస్తే చాలు. రెండింటి జోలికీ పోలేదు. పాత ప్రశ్నపత్రాల వెనక ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో భాగించుకుంటూ పోయాను. ఎంత ఆలస్యమైతే నాకంత మంచిది.

అయినా ఒక ఆదివారం పగిలింది, ఇరవై ఒక్క వేల ఆరువందల నలభై తొమ్మిదితో. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన నా చేయి పట్టుకుని ఊపాడు. "శానా గట్టి రాయి సార్!" అని మెచ్చుకుని, టీ తాగి దిగిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కోపమేం కాదు, నా గదిలో ఇక ఆయనకు పని లేదు, అంతే.

కొన్నాళ్లు మెట్ల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. చివరికి సిగ్గు విడిచి నేనే దిగాను. షట్టరు దించబోతున్నవాణ్ణి ఆపి పంతొమ్మిది ఒకట్లు రాసి చూపించాను.

"ఇది పగులుతాదా సార్?" ముఖంలో మళ్లీ అదే హుషారు.

చూద్దాం భాయ్ అంటే సరిపోయేది. రోజూ వచ్చేవాడు.

"పగలదు. ఇది ప్రధాన సంఖ్య," అన్నాను. పాడు నోరు.

"పగలదని ముందే తెలిస్తే ఇంగ దాంతో ఏం పనుండాది సార్," అని నవ్వాడు. షట్టరు దించాడు. "పోయి అన్నం తినండి, పొద్దుపోయింది."

పైకి వచ్చి తలుపు తీసే ఉంచి కాగితం ముందు కూర్చున్నాను. మూడుతో భాగించాను, శేషం ఒకటి. ఏడుతో భాగించాను, ఒకటి. పదకొండుతో ఒకటి. పదమూడుతోనూ ఒకటే.