గుండ్లవాగు రూట్లో సిటీ బస్సు

భవాని ఏఎన్‌ఎం. భద్రాచలంలో కిరాయికి ఉంటది. అక్కడి నుంచి గంటన్నర అడవి దారిన పోతే వచ్చే గుండ్లవాగు సబ్‌సెంటర్‌లో ఆమె డ్యూటీ. పొద్దున ఏడున్నర బస్సుకు టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకొని పోతది, సాయంత్రం నాలుగున్నర బస్సుకు మళ్లొస్తది. ఆ దారిలో ఆమె బస్సుల్ని చూసినట్టు ఇంకెవరూ చూడరు. ఇంజిన్ చప్పుడు వింటే చాలు, మూల తిరగకముందే ఏ బస్సో చెప్పేస్తది. స్టాపులో ఉన్నోళ్లు మొదట్లో నవ్వేటోళ్లు. ఇప్పుడు లేవాల్నా, ఇంకాసేపు కూసోవాల్నా అని ఆమెనే అడుగుతరు.

ఈ పిచ్చి ఆమెకు హైదరాబాద్‌లో పట్టింది. వాళ్లది చర్ల దిక్కు అడవిలో కోయ గూడెం. నర్సు ట్రైనింగ్‌కని పద్దెనిమిదేండ్లప్పుడు సిటీకి పోయింది. హాస్టల్ ఒక కాడ, దవాఖానా ఒక కాడ. తెలుగే ఆమెకు బడిలో నేర్చుకున్న భాష, సిటీలో మాట్లాడే మాట ఇంకో తీరు. ఎవరినన్న దారి అడుగుదామంటే నోరు రాకపోయేది. అందుకని ఆదివారం ఆదివారం కనపడ్డ బస్సెక్కి, ఆఖరి స్టాపు దాక పోయి, అక్కడ ఒక చాయ్ తాగి, అదే బస్సులో వాపసు వచ్చేది. ఆర్నెల్లు తిరిగేసరికి హాస్టల్‌లో సిటీ పిల్లలు కూడా ఎటు పోవాల్నన్నా ఆమెనే అడిగేటోళ్లు. రెండేండ్లకు కోర్సు అయిపోయింది, నౌకరీ వచ్చింది, ఊరి దిక్కే పోస్టింగ్ పడ్డది. వచ్చేటప్పుడు సామానుతోటి పాటు ఫోన్‌లో ఒక వాట్సాప్ గ్రూపును కూడా వెంట తెచ్చుకుంది.

ఆ గ్రూపు పేరు 'సిటీ బస్సు దోస్తులు'. రెండు వందల మంది దాక ఉంటరు. ఉప్పల్ నుంచి లక్డీకాపూల్‌కు ఒకటే బస్సు ఉందా, మధ్యల మారాల్నా? కండక్టర్ బెల్లు తాడు ఎప్పటి నుంచి కనపడకుండ పోయింది? కొత్త కరెంటు బస్సులో చక్రం మీది సీటు ఎందుకంత ఎత్తు పెట్టిండ్రు? పొద్దున లేస్తే ఇవే ముచ్చట్లు. భవాని తన పేరు పెట్టకుండ 'ఫుట్‌బోర్డు' అని పెట్టుకుంది. అందరూ మగపిల్లగాడే అనుకొని 'బ్రో' అనేటోళ్లు. ఆమె కూడా సరిదిద్దలేదు. సబ్‌సెంటర్‌లో పేషెంట్లు తగ్గినప్పుడు నాలుగు ప్రశ్నలకు జవాబు రాసేది.

నిరుడు వానలు మొదలైనప్పుడు ఎవరో కొత్త మనిషి కోఠి నుంచి తన కాలేజీకి దారి అడిగిండు. భవాని బస్సు నంబరు, స్టాపు, ఎక్కాల్సిన టైము అన్నీ రాసింది. అతను అట్లనే పోయి గంట సేపు వానలో నిలబడ్డడు. ఆ బస్సు బందయ్యి అప్పటికే ఆర్నెల్లు. గ్రూపు అడ్మిన్ భాస్కర్‌ది వైరా, ఉప్పల్‌లో ఒక కంపెనీలో చేస్తడు, మాట లెక్క తప్పితే ఊకునే రకం కాదు. అసలు నువ్వు ఏ ఏరియాల ఉంటవ్ బ్రో అని అందరి ముందర అడిగిండు.

భవాని దాచలేదు. తను భద్రాచలంలో ఉంటానని, ఏఎన్‌ఎం అని, బ్రోను కాదని రాసింది. ఒకరిద్దరు నవ్వు బొమ్మలు పెట్టిండ్రు. సిటీల ఉండనోళ్లకు సిటీ బస్సుల గ్రూపులో ఏం పని అని ఇంకొకాయన అన్నడు.

తప్పు చెప్పినందుకు ఆమెకు సిగ్గనిపించింది. పనేందన్న మాటకు మాత్రం తల వంచబుద్ధి కాలేదు. ఎందుకంటే కొన్ని నెలలుగా ఆమె ఒకటి గమనిస్తున్నది. సిటీలోకి కరెంటు బస్సులు దిగినకొద్ది అక్కడి డీజిల్ బస్సులు జిల్లాలకు వస్తున్నయి. రంగు మార్చి, బోర్డు మార్చి పంపుతున్నరు గానీ, రెండేండ్లు వాటిలో తిరిగిన మనిషి కళ్లను రంగు మోసం చెయ్యలేదు. వానలో నిలబడ్డ పిల్లగానికి ముందు మాఫీ అడిగి, ఆమె కింద ఇట్ల రాసింది:

"సిటీల ఇప్పుడు ఏ బస్సు నడుస్తుందో మీరే చెప్పుండ్రి, నేను చెప్పను. సిటీ విడిచిన బస్సు ఎటు పోయిందో నన్నడుగుండ్రి."

ఆ రోజు నుంచి ఎక్కిన ప్రతి బస్సు నంబరు ఫోన్‌లో రాసిపెట్టుడు మొదలుపెట్టింది. కండక్టర్లు ఆమెకు ఎరుకే, ఎవరి పిల్లలకో ఆమె టీకా వేసే ఉంటది. కొత్తగా ఏ బస్సు వచ్చిందో వాళ్లే చెప్పేటోళ్లు. రెండు నెలలకు పదకొండు సిటీ బస్సులు తేలినయి. ఒక్కొక్కటే ఫోటో పెడుతుంటే గ్రూపులో మెల్లగ మాట మారింది. 'బ్రో' పోయి 'అక్క' వచ్చింది.

అప్పుడే సోని అనే అమ్మాయి ఒక సంగతి అడిగింది. వాళ్ల బాపు రామ్‌సింగ్ ముప్పై ఏండ్లు సిటీ బస్సు నడిపిండు. ఆఖరి ఏడేండ్లు ఒకటే బస్సు, ఆఖరి నాలుగంకెలు 3746. రిటైరయ్యి రెండేండ్లయింది. మొన్న పాత డిపో ముందు నుంచి పోతూ గేటు కాడ ఆగి బండేది అని అడిగితే, లేదు, జిల్లాకు పంపినం అన్నరట. ఏ జిల్లాకో వాళ్లకూ తెల్వదు. అప్పటి నుంచి రోజు విడిచి రోజు ఆ బండి ఊసెత్తుతున్నడని, ఎవరికన్న కనపడితే చెప్పుండ్రని సోని రాసింది.

భవాని తన జాబితా చూసింది, అందులో లేదు. వెతుకుదామంటే ఆ వారమే గోదారి పొంగింది. సగం బస్సులు తిరగలేదు, ఆమె కూడా సహాయ శిబిరంలో డ్యూటీలో ఉండె. నీళ్లు తగ్గినాక డిపోలు కొన్ని బస్సుల్ని అటిటు మార్చినయి. సెప్టెంబర్ రెండో వారంలో ఒక పొద్దున గుండ్లవాగు బస్సు వచ్చి నిలబడితే, నంబరు చూసి ఆమె టీకాల డబ్బా పట్టుకొని రెండడుగులు వెనక్కి వేసింది. 3746.

వెంటనే ఫోటో తీసి పెట్టింది. సోని కంటే ముందు భాస్కర్ చూసిండు, కాదన్నడు. సిటీ బస్సుకు రెండు తలుపులు, దీనికి ముందర ఒక్కటే ఉంది, నాలుగంకెలు కలిసినంత మాత్రాన అదే బండి కాదు, ఆశ పెట్టి పెద్దమనిషిని తిప్పొద్దు అని రాసిండు. ఆ మాటలో న్యాయముందని భవానికి అనిపించింది. వాదించుడెందుకు, కండ్లతోనే చూద్దామని బస్సెక్కి వెనక భాగానికి పోయింది. ఎడమ దిక్కు ఆఖరి నుంచి మూడో సీట్లో జంపక్క అనే ముసలామె చీపురుకట్టల మోపుతో కూసుంది. ఆమె కాళ్లు కింద ఆనక గాలిలో ఊగుతున్నయి. భవాని కోయ భాషలో ఆమెను కొంచెం జరగమని అడిగి, మోపు పక్కకు పెట్టి వంగి చూసింది. సీటు కింద రేకు, రేకు పక్కన పాత తలుపు మెట్లు రెండు, అరిగి మెరుస్తూ అట్లనే ఉన్నయి. తలుపు మూసి పైన రేకు కొట్టిండ్రు గానీ మెట్లు పీకలేదు. ఆమె ఆ మెట్ల ఫోటో తీసి గ్రూపులో పెట్టింది.

పది నిమిషాలకు భాస్కర్ రాసిండు, నేను తప్పు, అక్క కరెక్ట్ అని.

ఆ తర్వాతి ఆదివారం సోని తండ్రిని తీసుకొని పొద్దున్నే భద్రాచలం బస్టాండులో దిగింది. రామ్‌సింగ్ బక్కపలచని మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లంగి, మాట తక్కువ. ఆయన పుట్టింది జూలూరుపాడు దగ్గర తండాలోనే. ఈ దారుల్లో చిన్నప్పుడు తిరిగిండట గానీ డ్రైవర్‌గ ఎన్నడూ రాలేదు. భవాని నమస్తే పెట్టి చాయ్ తాగుదామంటే, "బండి వచ్చే టైమైంది గద బిడ్డా" అన్నడు.

బస్సు వచ్చి ఆగింది. రామ్‌సింగ్ ఎక్కలేదు. చుట్టూ ఒకసారి తిరిగిండు. టైర్లు చూసిండు, మూసిన తలుపు రేకు మీద అరచేయి పెట్టి కొంచెం సేపు ఉంచిండు. రంగు వేరు, బోర్డు వేరు, అద్దం కూడా కొత్తది. మొఖంలో ఏమీ తెలుస్తలేదు. ఇది తన బండేనో కాదో తండ్రికే అనుమానమొచ్చిందేమోనని సోని భవాని చెయ్యి పట్టుకుంది.

డ్రైవర్ దూలయ్య నలభై ఏండ్ల మనిషి. బస్సుకు ఫోటోలు తీసేటోళ్లంటే ఆయనకు చిరాకు. భవాని ఆయనకు సంగతి చెప్పి, ఈ సార్ ముందర కూసుంటడని అడిగింది. దూలయ్య తలూపిండు, అంతే. రామ్‌సింగ్ ముందు డోరు నుంచి ఎక్కి, డ్రైవర్ సీటు పక్కన ఆగి, స్టీరింగ్ కింద ఒక కాడ వేలు పెట్టి చూపించిండు. అక్కడ చిన్న ఇనుప కొక్కెం ఉంది. దాని మీద దూలయ్య తువ్వాల వేలాడుతున్నది.

"గిది నేను కొట్టించిన తమ్మీ," అన్నడు. "నీళ్ల సీసా తగిలించుకునేటోన్ని. సిటీల దిగి తాగనిస్తరా?"

దూలయ్య తువ్వాల తీసి కొక్కేన్ని చూసిండు. ఎవరు పెట్టిండ్రో పుణ్యాత్ముడు అని రోజూ అనుకుంటానన్నడు. ఆ తర్వాత ఆయన చిరాకు పడలేదు. ఇంజిన్ పక్క సీటు మీది సంచులు తీయించి పెద్దాయనను కూసోబెట్టుకున్నడు.

ఊరు దాటినాక రోడ్డు ఖాళీ అయింది. రెండు దిక్కులా టేకు చెట్లు, మధ్యలో తారు రోడ్డు. ఆదివారం గనక జనం కూడా పలచగనే ఉన్నరు. భవాని ఆయన వెనక సీట్లోనే సోని పక్కన కూసొని ముందుకే చూస్తున్నది. రామ్‌సింగ్ ఎడమ కాలు క్లచ్ తొక్కినట్టు కదులుతున్నది, దూలయ్య గేరు మార్చిన ప్రతిసారీ. మద్దులగూడెం దాటి చదును రోడ్డు వచ్చినప్పుడు దూలయ్య టాప్ గేరు వేసిండు. ఇంజిన్ గురగుర తగ్గి సాఫీగ పాడినట్టయింది. రామ్‌సింగ్ చెవి అటు పెట్టి విన్నడు. మూల మలుపు వచ్చేదాక అట్లనే విన్నడు. తర్వాత వెనక్కి తిరిగి బిడ్డతోని పెద్దగ అన్నడు:

"సోనీ, ఏడేండ్లు సిటీ ట్రాఫిక్‌ల దీన్ని నేను మూడో గేరు దాటనియ్యలే. పెద్ద గేర్లో గిట్ల పోతదని నాకే తెల్వదు."

సోని మొఖం కిటికీ దిక్కు తిప్పుకుంది, నవ్విందో ఏడ్చిందో గాలి చప్పుడులో తెలియలేదు. బండి పాతగయ్యి అడవికి వచ్చిందని ఇన్ని రోజులు ఆమె కూడా లోపల జాలి పడుతుండె. ఆ మాటతో ఆ జాలి ఎటో పోయింది.

గుండ్లవాగులో బస్సు ఇరవై నిమిషాలు ఆగుతది. జనం దిగినాక దూలయ్య ఇంజిన్ బంద్ చేసి, తాళం జేబులో వేసుకొని, కూసోండ్రి అన్నా అని తన సీటు చూపించిండు. రామ్‌సింగ్ వద్దనలేదు. చెప్పులు విడిచి ఎక్కి కూసున్నడు. స్టీరింగ్ మీద చేతులు పెట్టి, అద్దం తనకు సరిపోను తిప్పుకోబోయి, మళ్లీ దూలయ్య పెట్టుకున్న తీరుగనే వదిలిండు. రెండో గేరుకు దింపేటప్పుడు కొంచెం బిరుసు, క్లచ్ సగం నొక్కి వదిలి మళ్లీ నొక్కు, ఇనుము అరవదు అని చెప్పిండు. దూలయ్య శ్రద్ధగ విన్నడు. మళ్లొచ్చేటప్పుడు గుట్ట ఎక్కే కాడ అట్లనే చేసిండు. గేరు చప్పుడు లేకుండ పడ్డది. ఇద్దరూ ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

సాయంత్రమే హైదరాబాద్ పోదామని సోని టికెట్లు చేయించి పెట్టింది. రామ్‌సింగ్ మాత్రం జూలూరుపాడులో దిగుతానన్నడు. మా చెల్లె తండాలోనే ఉంటది, చూసి ఏడాది దాటింది, నువ్వు పో, నాకు దారి తెలుసు అన్నడు. రెండు రోజులన్న మనిషి ఎనిమిది రోజులున్నడు. రోజూ రోడ్డు మీదికొచ్చి కల్వర్టు మీద కూసొని, వచ్చే పోయే బస్సుల సంగతి భవానికి వాయిస్ మెసేజ్ పెట్టేటోడు. ఏ బండికి బ్రేకు పట్టేస్తుందో, ఏ పిల్లగాడు క్లచ్ మీద కాలు తీయకుండ నడుపుతున్నడో అన్నీ చెప్పేటోడు. సోని ఆయన్ను గ్రూపులో కూడా చేర్చింది. నాలుగు నిమిషాల మెసేజ్‌లు ఎవరు వింటరని భాస్కర్ మొదట గొణిగిండు. ఇప్పుడు ఇంజిన్ గురించి ఎవరన్న అడిగితే తనే ముందు రామ్‌సింగ్ సార్‌ను పిలుస్తడు.

భవానిని కూడా భాస్కర్ అడ్మిన్‌గ చేసిండు, జిల్లాల ప్రశ్నలన్నీ నీవే అక్కా అని. మొన్న సోమవారం పొద్దున ఎవరో భద్రాచలం గుడి చూసుకొని పర్ణశాల పోయి సాయంత్రానికి వాపసు రావచ్చా అని అడిగిండ్రు. ఆమె బస్సులోనే ఉంది, ఒళ్లో టీకాల డబ్బా, పక్కన ఒక చంటిపిల్ల తల్లి. ఇప్పుడామె కనుక్కోనిది చెప్పదు. స్టాపులో బస్సు ఆగంగనే కిటికీలోంచి తల బయట పెట్టి, ఎదురొచ్చిన పర్ణశాల బస్సు కండక్టర్‌ను ఈ వారం టైములు అడిగి తెలుసుకొని, అప్పుడు జవాబు రాసింది.