అమ్మవారి చేతికి కుదిరిన పిడి

కిందటి దసరాకి చికాగో పక్కన మా షామ్‌బర్గ్ కమ్యూనిటీ హాల్లో హారతి ఇస్తుండగా అమ్మవారి చేతిలోని కత్తి జారి కుంకుమ పళ్ళెంలో పడింది. ఆ పళ్ళెం పట్టుకుని నిలబడ్డది కమిటీ అధ్యక్షుడుగారు. ఆయన తెల్ల పంచె ఏమైందో వేరే చెప్పనక్కర్లేదు.

మాది ఫైబర్ విగ్రహం. ఓడలో వస్తూ ఎక్కడ వేడి తగిలిందో, కత్తి పట్టే చెయ్యి మణికట్టు దగ్గర కాస్త కిందికి వంగింది. విరగలేదు కనక దోషం లేదన్నారు పూజారిగారు. కానీ ఆ గుప్పిట్లో ఏ కత్తి పెట్టినా ముందుకు వాలి భక్తుల మీదికే గురిపెడుతుంది.

ఈ ఏడాది మీటింగులో అధ్యక్షుడుగారు, "ఆ చేతికి కత్తి వద్దండీ, బంతిపువ్వు పెడదాం. సేఫ్‌గా ఉంటుంది" అన్నారు. కాళ్ళ కింద మహిషుడు, చేతిలో బంతిపువ్వు. నాకు మనసొప్పలేదు. "ఈసారి కత్తి నేను చేస్తానండీ. మొదటిరోజు నిలవకపోతే పువ్వే పెడదాం" అన్నాను. పాపం, కాదనలేదు.

తీరా ఒప్పుకున్నాక, కూరగాయల కత్తి తప్ప మరో కత్తి ఎరగనని గుర్తొచ్చింది. మా పక్కింటి వరంగల్ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో వారమంతా అలిసిపోయి కూడా, పాతకాలపు కత్తులు చూపిస్తానని శనివారం పూట నన్ను చికాగో మ్యూజియంకి తీసుకెళ్ళింది. అక్కడ మన దేశపు గది రిపేరుకని మూసేశారు. పక్కన ఆగ్నేయాసియా గది తెరిచి ఉంది. "ఇంత దూరం వచ్చినం, ఇదన్న చూద్దాం తియ్ అక్కా" అంది.

నేను బడికి వెళ్ళలేదు. నాన్నగారే ఇంట్లో తెలుగూ ఇంగ్లీషూ ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివించారు. ఇప్పటికీ నా చదువు అలాగే నడుస్తుంది. ఈటెలు, వెంట్రుకల కుచ్చులు కట్టిన డాళ్ళు, అడవిలో బాణం ఊదే పొడుగు గొట్టాలు, అన్నిటి ముందూ ఆగాను.

"అక్కా, ఒక్కో బోర్డు గిట్ల చదివితే పార్కింగ్ టైమ్ అయిపోతది."

"చదవనీవే. వాళ్ళు ఇంత కష్టపడి రాశారు."

ఆ మూల అద్దాల పెట్టెలో జావా దేశపు బాకులున్నాయి. క్రిస్ అంటారట. కొన్ని నిటారుగా, కొన్ని అలలు అలలుగా ఉన్నాయి. నిటారైనది కదలని నాగు, వంపులది పాకే నాగు అని అక్కడివాళ్ళ నమ్మకమట. ఏటా ఒకరోజు వాటిని బయటికి తీసి, నిమ్మరసంతో కడిగి, ధూపం వేసి, పువ్వులు పెడతారని చదివేసరికి నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. అంత దూరాన ఎవరో మనలాగే ఆయుధపూజ చేసుకుంటున్నారు. ఆ సంగతి నా దాకా తెచ్చిన నాన్నగారి వేలిని తలుచుకున్నాను.

అప్పుడు చూశాను పిడిని. బాకుకి తిన్నగా లేదు. చిలక ముక్కులా పక్కకి తిరిగి ఉంది. నా మణికట్టు అమ్మవారి చెయ్యిలా వంచి, గుప్పిట బిగించి, లేని బాకుని పైకెత్తి చూసుకున్నాను. మళ్ళీ ఎత్తాను.

"అక్కా, దింపు. గార్డ్ వస్తున్నడు."

పెద్దాయన నెమ్మదిగా వచ్చి, అంతా బాగానే ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు. మా పక్కింటమ్మాయి, "మా దేవతకి మణికట్టు వంగిందండీ, అందుకే ఈవిడ కొలత చూస్తోంది" అని ఇంగ్లీషులోనే చెప్పింది. ఆయన తన మణికట్టు రుద్దుకుంటూ, "నాకూ అదే బాధ. అద్దానికి తగలకుండా ఎంతసేపైనా చూసుకోండి" అన్నాడు. చల్లగా ఉండాలి ఆ మహానుభావుడు.

ఇంటికొచ్చి కొబ్బరికాయల అట్టపెట్టె కోసి బాకు చేశాను. వంపులు తిప్పి, పిడి పక్కకి వంచి, వెండి రేకు చుట్టాను. నిమ్మరసంతో కడిగితే అట్ట నానిపోతుందని, నిమ్మకాయ ఒకసారి చూపించి పక్కన పెట్టాను.

మొదటిరోజు సాయంత్రం పిడి గుప్పిట్లో ఏటవాలుగా దూరింది. బాకు మాత్రం నిటారుగా పైకి లేచింది. అధ్యక్షుడుగారు ముదురు రంగు ప్యాంటు వేసుకొచ్చి, పళ్ళెం పూజారిగారికే ఒప్పజెప్పి దూరంగా నిలబడ్డారు.

"ఏంటమ్మా, వంకరటింకరగా ఉంది?"

"చెయ్యే వంకర కదండీ."

చుట్టూ చేరిన పిల్లల్లో ఒకమ్మాయి, "ఆంటీ, దట్స్ ఎ క్రిస్. గేమ్‌లో నా దగ్గర ఉంది" అంది.

"గేమ్‌లోదా?" అన్నారాయన.

"జావాదండీ," అన్నాను. "అక్కడా పూజ చేస్తారట."

ఆయన పూజారిగారి వైపు చూశారు. పూజారిగారు హారతి వెలిగించడంలో ఉన్నారు. గంట మోగింది, డప్పు మోగింది, పిల్లలు గెంతితే వేదిక చెక్కలు కూడా అదిరాయి. నేను దణ్ణం పెడుతూ ఒక కన్ను తెరిచే ఉంచాను. బాకు కదల్లేదు.

మర్నాడు పువ్వు మాట ఎవరూ ఎత్తలేదు. విజయదశమినాటి హారతికి అధ్యక్షుడుగారు మల్లెపువ్వులాంటి కొత్త పంచె కట్టుకొచ్చి, కుంకుమ పళ్ళెం తనే అందుకుని, సరిగ్గా ఆ చేతి కిందే నిలబడ్డారు.