చెల్లెలి వెండిరంగు ల్యాప్‌టాప్

ఎండలు ముదిరాయంటే మా కంప్యూటర్ పక్క రేకు ఊడదీసి, దాని ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టడం మాకు అలవాటు. మేం చెమటలు కక్కినా ఫర్వాలేదు, దానికి మాత్రం గాలి తగలాలి. మా స్టూడియో ఆత్మకూరు బస్టాండుకి దగ్గర్లో, మేడ మీద, రేకుల కప్పు కింద ఉంది. మా ఆయన పెళ్ళిళ్ళకి ఫోటోలు, వీడియోలు తీస్తారు. వాటిని ఏరి, కత్తిరించి, పాటలు కలిపి, పేర్లు వేసి ఆల్బమ్‌గా, వీడియోగా తయారుచేసేది నేను. ఆ కంప్యూటర్‌ని నెల్లూరులో విడిభాగాలు కొని బిగించుకొచ్చాం. ఏ కంపెనీదని ఎవరైనా అడిగితే చెప్పడానికి దానికో పేరు లేదు. లోపల ఒక్కో ముక్క ఒక్కో కంపెనీది. కూర్చిన వీడియో అంతా చివరికి ఒక్క ఫైలుగా బయటికి రావడాన్ని రెండరింగ్ అంటాం. అది జరుగుతున్నంతసేపూ మా కంప్యూటర్ పిండిమరలా మోగుతుంది.

అయినా దాని మీద నాకెప్పుడూ చిన్నచూపు లేదు, మా చెల్లెలు ఆ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చేవరకు.

చెల్లెలంటే మా చిన్నాయన కూతురు. చిన్నాయనది ఉదయగిరి, గొర్రెలు మేపుకుంటూ బతికే మనిషి. ఈ పిల్ల ఆత్మకూరులో డిగ్రీ చదివినన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉంది. కాలేజీ వదలగానే స్టూడియోకొచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి, పెళ్ళికూతురి మొహం మీద ఫ్లాష్ మెరుపు తగ్గించడం దాకా అన్నీ నేనే నేర్పాను. చదువయ్యాక ఉదయగిరిలోనే ఇంట్లో కూర్చుని, అక్కడి ఫోటోగ్రాఫర్ల దగ్గర ఎడిటింగ్ పని తెచ్చుకుని చేస్తానంది. మంచి ఆలోచనే అన్నాను. మా దగ్గర మూలన పడున్న పాత ల్యాప్‌టాప్ ఇస్తానని కూడా అన్నాను.

కొన్నాళ్ళకి భుజాన బ్యాగు తగిలించుకుని స్టూడియోకి వచ్చింది. బ్యాగులోంచి తీసి నా బల్ల మీద పెట్టిన దాన్ని చూసి మౌస్ వదిలేశాను. పల్చగా, వెండిరంగులో, మూత మీద ఆ కంపెనీ గుర్తు, కొరికిన పండు. ఆ గుర్తు తెలియనివాళ్ళెవరున్నారు? సినిమాల్లో డబ్బున్న పిల్లాడి ముందు ఎప్పుడూ ఉండేది అదే.

"మీ నాయనకి ఇంత యాడిది?" అడక్కుండా ఉండలేకపోయాను.

"పొట్టేళ్ళన్నీ అమ్మినాడక్కా. మంచిదే కొనుక్కో, మళ్ళీ మళ్ళీ నేను కొనలేను అన్నాడు."

మూత ఎత్తింది. తెర వెలిగి, మధ్యలో చెల్లెలి పేరు కనిపించింది. ఏ స్టూడియో పేరో, తండ్రి పేరో కాదు, దాని సొంత పేరు. మా కంప్యూటర్ తెరిస్తే మా ఆయన పేరు వస్తుంది. ఇన్నేళ్ళుగా రోజూ చూస్తున్నాను గానీ, అది నాకు ఆరోజే గుచ్చుకుంది.

మా ఆయన వంగి తెరలోకి చూస్తూ, "అబ్బ, ఆ రంగులు చూడు! ఎంత నిఖార్సుగా ఉండాయో" అన్నారు. నేను నా పని చూసుకుంటున్నట్టు నటించాను.

ఆ తర్వాత నాకో పిచ్చి పట్టింది. ఖాళీ దొరికితే చాలు, ఫోన్‌లో ఆ కంపెనీ గురించి వెతకడమే. దాన్ని నెత్తిన పెట్టుకునేవాళ్ళూ, తిట్టిపోసేవాళ్ళూ లోకంలో రెండు వర్గాలున్నారని తెలిసింది. నేను తిట్టేవాళ్ళ వీడియోలే ఏరుకుని చూశాను. కొన్నాక దాని మెమరీ పెంచుకోవడం కుదరదంట. పెన్‌డ్రైవ్ పెట్టాలంటే మధ్యలో ఇంకో ముక్క తగిలించాలంట. పాడైతే చెన్నైకి పట్టుకుపోవాలంట. అదే ధరకి వేరే కంపెనీలది రెండింతల బలమున్నది వస్తుందంట. ఆ ల్యాప్‌టాప్ మీద నా దగ్గరున్నన్ని ఫిర్యాదులు దాన్ని కొన్నవాళ్ళ దగ్గర కూడా ఉండవు. స్టూడియోకి వచ్చినవాళ్ళందరికీ ఇవన్నీ చెప్పేదాన్ని. "మూత మీద బొమ్మకే సగం డబ్బులు" అని ముగించేదాన్ని.

ఒకరోజు చేజర్ల నుంచి పెళ్ళికూతురి తండ్రి ఒకాయన వచ్చి, మా ఆల్బమ్‌లు తిరగేసి, "మీ కాడ ఆ తెల్ల కంప్యూటర్ ఉండాదామ్మా? ఉదయగిరిలో ఒక పాప దాంట్లో చేస్తాదంట. కలరు శానా బాగొస్తాదంట" అన్నాడు.

"కంప్యూటర్‌లో ఏముండాదండీ, చేసే చేతిలో ఉండాది గానీ" అన్నాను.

"అదీ నిజమేలే" అని లేచి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆ పెళ్ళి ఉదయగిరి ఫోటోగ్రాఫర్‌కి పోయిందని తర్వాత తెలిసింది.

"నీ చెల్లెలే గదా, నేర్పింది నువ్వే గదా, సంతోషపడాల" అన్నారు మా ఆయన.

"సంతోషంగానే ఉండా" అన్నాను. మౌస్ టకటకా నొక్కుతున్న చప్పుడు విని ఆయన కెమెరా తుడుచుకోవడంలో పడ్డారు.

ఇలా ఉండగా ఒక ఉదయం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, కొంప మునిగింది. సాయిబుల పెళ్ళి వీడియో ఒప్పుకున్నా. రేపు వలీమా విందులో పెద్ద తెర మీద వెయ్యాలంట. పేర్లు ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి రావాల. ఉర్దూ బాగానే వస్తుండాది. తెలుగే ఏందో పిచ్చి పిచ్చిగా వస్తుండాది."

చెవిలో తేనె పోసినట్టయింది. ఏం జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. మా వైపు స్టూడియోలన్నీ పాతకాలం తెలుగు ఫాంట్లతోనే పని చేస్తాయి. అవి మామూలు కంప్యూటర్లలో తప్ప చెల్లెలి కంపెనీదాంట్లో పలకవు. అక్షరాల బదులు ఇంగ్లీషు గుర్తులు కలగాపులగంగా వస్తాయి.

"నేనొస్తుండా ఉండు" అన్నాను. పేర్లన్నీ చెప్పించుకుని మా కంప్యూటర్‌లో టైపు చేసి, బొమ్మలుగా మార్చి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఉదయగిరి బస్సెక్కాను. ఫోన్‌లో పంపినా సరిపోయేదే, కానీ దాని అవస్థ కళ్ళారా చూడాలనిపించింది. దారి పొడుగునా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. దుర్గం కొండ కనపడేసరికి, ఏమేం మాటలు అనాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

వరండాలో చాప మీద కూర్చుని ఉంది చెల్లెలు. చుట్టూ వైర్లు. ఫోటోగ్రాఫర్ ఇచ్చిన హార్డ్‌డిస్క్ కూడా పేచీ పెడుతోంది. అదీ మామూలు కంప్యూటర్ల కోసం సిద్ధం చేసిందే, అందుకని ఉన్నవి చూపిస్తుంది గానీ, ఈ ల్యాప్‌టాప్ నుంచి కొత్తగా ఒక్క ఫైలు దాంట్లోకి పోనివ్వదు.

"ఇంత పెట్టి కొన్నావు, మన అక్షరాలే రావా దీనికి?" అన్నాను. దాచుకున్న మాటల్లో మొదటిది.

చెల్లెలు జరిగి నాకు చోటిచ్చింది. నేను తెచ్చిన పేర్లు ఒక్కొక్కటీ పెట్టాం. అతుక్కున్నాయి. "ఇక మిగతాది ఒకసారి నువ్వు చూసిపెట్టక్కా" అని ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి వంటింట్లోకి వెళ్ళింది.

ఆ ల్యాప్‌టాప్ మీద నేను చెయ్యి వెయ్యడం అదే మొదటిసారి. పెళ్ళికూతురు కట్టుకున్న ఎరుపు మా తెర మీదైతే టమాటా రసంలా ఉండేది. ఇక్కడ జరీ పోగు పోగూ విడిగా కనపడుతోంది. వీడియో ఎక్కడ ఆపితే అక్కడ ఆగుతోంది. ఇంతలో కరెంటు పోయింది. పైన ఫ్యాన్ ఆగింది. నా చెయ్యి అలవాటు కొద్దీ సేవ్ నొక్కడానికి ఉరికింది. తెర మాత్రం అలాగే వెలుగుతోంది, తనకేం పట్టనట్టు.

రెండరింగ్ పెట్టి లేచాను. మా దగ్గరైతే అన్నం, కూర వండుకోవచ్చు ఆలోపు. పెరట్లోకెళ్ళి కాళ్ళూ మొహం కడుక్కుని వచ్చేసరికి అయిపోయింది. చప్పుడు లేదు, వేడి లేదు. అరచెయ్యి ఆనించి చూశాను, గోరువెచ్చగా కూడా లేదు. వీడియోని నా పెన్‌డ్రైవ్‌లోకే ఎక్కించాను.

అప్పటిదాకా నా అసూయకి ఒక దిక్కుండేది. అదంతా వట్టి ఆర్భాటమే అనుకుంటే నిద్ర పట్టేది. ఇప్పుడా ఆసరా కూడా పోయింది. దాన్ని మెచ్చుకునే మాటలన్నీ నిజం కాకపోవచ్చు, కానీ చాలావరకు నిజమే.

పొద్దు వాలుతుండగా చిన్నాయన మందని దొడ్లోకి తోలి వచ్చి, కంబళి మెట్టు మీద పడేసి, నాకెదురుగా కూర్చున్నాడు. కూతురు లోపలుందని చూసుకుని గొంతు తగ్గించాడు.

"పాపా, నీకు ఇయ్యన్నీ తెలుసు గదా, నిజం చెప్పు. ఇది మంచిదేనా? ఊళ్ళో తలా ఒక మాట అంటుండారు. గొర్రెల్ని అమ్మి అద్దం కొనుక్కొచ్చినాడని నవ్వుతుండారు."

ఎన్నో నెలలుగా నేను ఊరందరికీ చెప్పుకొచ్చిన మాట అడగాల్సినవాడే అడుగుతున్నాడు. నాలుక చివరిదాకా వచ్చింది.

"మంచిదే చిన్నాయనా" అన్నాను. అంతటితో ఊరుకోలేకపోయాను. "కాకపోతే ఇంతకంటే బాగా తక్కువలో వేరే కంపెనీది వచ్చేది. ఈ పని అదీ చేసుండేది."

ఆయన తల వంచుకుని అరచేతులు చూసుకున్నాడు. గుమ్మంలో టీ గ్లాసులతో చెల్లెలు నిలబడి ఉంది. అంతా వింది.

"అక్క చెప్పింది నిజమే నాయనా" అంది, గ్లాసు ఆయన చేతికిస్తూ. "తక్కువలో వచ్చేది. పని కూడా చేస్తాది. కానీ నాకు అంగడి లేదు, బోర్డు లేదు. ఇంట్లో కూర్చొని ఆడపిల్ల చేస్తాదంటే పెళ్ళి వీడియో ఎవురిస్తారు? మొదట్లో ఎవురూ ఇయ్యలా. దీన్ని తీసి బల్ల మీద పెట్టినాక, 'కూర్చోమ్మా' అన్నారు. దాని మీది గుర్తుకి భయపడి నాకు కుర్చీ ఏసినారు. పని నచ్చినాక మళ్ళీ పిలిచినారు. ఆ మొదటి కుర్చీ కోసమే అంత పెట్టింది."

నా వైపు తిరిగి, "నీకు అంగడి ఉండాది గదక్కా" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. మామూలుగా అంది. నేను టీ తాగాను. చిన్నాయన కూడా తాగాడు. గ్లాసు కింద పెట్టి, "అయితే నవ్వుకోనీలే" అన్నాడు.

బస్సులో తిరిగొస్తున్నప్పుడు దారంతా ఆ మాటే. అంగడి నాకుందా? బోర్డు మీద మా ఆయన పేరు, ఫోటో. తెర మీద ఆయన పేరు. పెళ్ళివాళ్ళు ఆల్బమ్ బాగుందని ఆయనకే ఫోన్ చేస్తారు.

ఇంటికి రాగానే, "నాకొక ల్యాప్‌టాప్ కావాల" అన్నాను.

"ఉండాది గదా కంప్యూటరు?"

"అది మీది."

"మనది."

"తెరిస్తే ఎవురి పేరు వస్తాది?"

ఆ నెలలోనే నెల్లూరు వెళ్ళాం. దుకాణంలో ఆ వెండిరంగు దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. చివరికి పక్క కంపెనీది, నల్లది తీసుకున్నాను. మా పాత ఫాంట్లన్నీ దాంట్లో పలుకుతాయి, పాడైతే నెల్లూరులోనే బాగుచేస్తారు. లెక్క ప్రకారం నాకు సరైనది అదే. నా పేరు పెట్టుకుని తెరిచినప్పుడు నిజంగా సంబరపడ్డాను. కాకపోతే దాన్ని చూసి ఎవరూ కుర్చీ వెయ్యరు.

ఆ తర్వాతి చలికాలంలో ఒక మేకపిల్ల వరండాలోకి గెంతి, చెంబు తన్ని, చెల్లెలి ల్యాప్‌టాప్ మీద నీళ్ళు ఒలకబోసింది. చెన్నై పంపక తప్పలేదు. ఆ వార్త విని లోలోపల కాస్త హాయిగా అనిపించిందంటే అబద్ధం కాదు. అది తిరిగొచ్చేదాకా చెల్లెలు మా ఇంట్లో ఉండి, నా నల్లదాంట్లోనే తన పని చేసుకుంది. పగలు చెల్లెలు రంగులు సరిచేసేది, నేను పేర్లు వేసేదాన్ని. "నీ దాంట్లో తెలుగు ఎంత సుళువక్కా" అని ఎన్నిసార్లో అంది. ఆ మాట మా ఆయనకి వినపడేలా మళ్ళీ అనిపించుకున్నాను.

బాగుపడ్డ ల్యాప్‌టాప్ ఆత్మకూరుకే వచ్చింది. తెరిచి చూసుకుని, చంటిబిడ్డని పెట్టుకున్నట్టు దాన్ని ఒడిలో పెట్టుకుంది చెల్లెలు. సాయంత్రం బస్సెక్కించడానికి వెళ్ళాను. చెల్లెలి చేతుల్లో బట్టల సంచులుంటే ల్యాప్‌టాప్ బ్యాగు నేనే భుజాన వేసుకున్నాను. స్టూడియో మెట్లు దిగి బస్టాండు చేరేదాకా, దాంట్లో అసలేమైనా ఉందా అని రెండు మూడు సార్లు తడిమి చూసుకున్నాను. అంత తేలిగ్గా ఉంది. నాది మోస్తే భుజం లాగేస్తుంది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి బ్యాగు అందించాను. కడుపు మళ్ళీ మొదటిరోజులాగే మండింది.