చేతులెత్తేసింది డాక్టర్లు కాదు

సూది పేరెత్తితేనే వీధంతా వినపడేలా అరిచే పిల్ల మా సునీత. అప్పటికి నాలుగేళ్లు. ఆ ఉదయం ఉదయగిరిలో జ్వరానికి సూది వేస్తే కన్ను కూడా తిప్పలేదు. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. ఆత్మకూరు డాక్టరు చూసి, "ఇక్కడ పెట్టుకోవద్దు, మద్రాసు పోండి" అన్నాడు.

మద్రాసు ఆసుపత్రిలో న్యుమోనియా అన్నారు, బీపీ పడిపోయి షాక్‌లో ఉందన్నారు. ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు. బీపీ, రక్తపరీక్షలు, కంటిపాప కదలిక అన్నీ చూసి, ప్రాణాపాయం ఎంతుందో లెక్కగట్టే ఒక స్కోర్ వేశారు. నా భార్య రూతమ్మ బిడ్డ దగ్గర ఉంటే, తెలుగు వచ్చిన డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది.

"మోర్టాలిటీ రిస్క్ ఎక్కువండీ. ఇంత స్కోర్ వచ్చిన పిల్లల్లో చాలామంది దక్కరు. మీ పాప సంగతి మాత్రం ఇది చెప్పదు. వైద్యం తగ్గించం, రేపు మళ్లీ చూస్తాం."

"ఒక్క మాట చెప్పండమ్మా. బతుకుతుందా, లేదా?"

"ఆ ఒక్క మాట నా దగ్గర లేదండీ."

ఒళ్లు మండింది. ఇన్ని మిషన్లు పెట్టుకుని ఆ మాత్రం చెప్పలేరా? బూత్ నుంచి మా అన్నకు ఫోన్ చేసి శవపెట్టె చేయించమన్నాను. "ఏందిరా, బిడ్డ ప్రాణంతో ఉండాదా లేదా?" అని అరిచాడు. ఫోన్ పెట్టేశాను. పోయేదేదో ఇంట్లోనే పోనీ అని, తీసుకుపోతామని సంతకం పెట్టబోయాను.

రూతమ్మ ఐసీయూ తలుపుకు అడ్డం నిలబడింది. "పొద్దున ఐసుగడ్డ మాదిరి ఉన్న కాళ్లు ఇప్పుడు వెచ్చంగా ఉండాయి. పెట్టె చెప్పినావు గదా, పోయి నువ్వు పండుకో అందులో."

మర్నాడు స్కోర్ తగ్గింది. తర్వాత ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి, ఛాతీలో ట్యూబ్ వేశారు. స్కోర్ మళ్లీ పెరిగింది. మళ్లీ నా అదే ప్రశ్న, డాక్టరమ్మ అదే జవాబు. చివరికి వెంటిలేటర్ తీసిన కొన్నాళ్లకు సునీత ఇడ్లీ అడిగింది.

చర్చిలో సాక్ష్యం చెబుతూ, "డాక్టర్లు చేతులెత్తేశారు, దేవుడు లేపాడు" అన్నాను. ఏటా అదే చెప్పాను. రూతమ్మ తల వంచుకుని వినేది. దేవుడు లేపాడని ఇప్పటికీ నమ్ముతాను. చేతులెత్తేసింది మాత్రం నేను.

సునీతకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. చలికి కాస్త ఆయాసం, అంతే. ఈమధ్య కలిగిరి నుంచి ఒకాయన వచ్చాడు. "మా వాడికీ రిస్క్ ఎక్కువంటున్నారన్నా. ఇంటికి తెచ్చి ప్రార్థన పెట్టుకుంటాం." వద్దని, జరిగింది చెప్పాను. "చర్చిలో నువ్వే గదా చెప్పినావు?" అన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. రూతమ్మ వెళ్లి ఆయన భార్యతో మాట్లాడాకే ఆగారు.

అందుకే ఇది రాస్తున్నాను. రిస్క్ గురించి డాక్టరు చెప్పేటప్పుడు బిడ్డ తల్లిని పక్కన నిలబెట్టుకోండి. నేను ఒక్కణ్ణే విని, 'రిస్క్ ఎక్కువ' అన్న మొదటి మాట దగ్గరే ఆగిపోయాను.